మోట బొక్కెన నుంచి జీపు దాకా

మా నాయిన పేరు మీద ఈ భూమ్మీద ఉన్న కాయితాలు రెండే. ఒకటి ఇంటి జాగ పట్టా. రెండోది జీపు ఆర్.సి. బుక్కు. పట్టా సర్కారు ఇచ్చింది. జీపు ఎవరూ ఇయ్యలేదు. వేలంలో తుక్కు కింద పాడిన ఇనుమును ఆయన తన చేతులతో లేపి నిలబెట్టిండు.

నేను సర్కారు బడిలో సోషల్ టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. పారిశ్రామిక విప్లవం పాఠం ఎన్నోసార్లు చెప్పిన. ఆవిరి యంత్రం, జేమ్స్ వాట్, మాంచెస్టర్ బట్టల మిల్లులు అన్నీ వరసగా అప్పజెప్తుంటే ఒకనాడు వెనక బెంచీ పిల్ల లేచి, "టీచర్, మన ఊరికి ఇంజను ఎవరు తెచ్చిన్రు?" అని అడిగింది. పుస్తకంలో ఆ సంగతి లేదు. ఇంజను ఎవరు కనిపెట్టిన్రో రాసినోళ్లు, మన ఊళ్లె దాన్ని ఎవరు బాగుచేసిన్రో రాయలేదు. ఇంజను వచ్చి ఎవరి పని ఊడగొట్టిందో అసలే రాయలేదు. ఆ పిల్లకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఇది.

మాది అచ్చంపేట దగ్గరి పల్లె. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. దక్షిణానికి చూస్తే నల్లమల గుట్టలు. పల్లి చేన్లు, జొన్న చేన్లు, బాయిల కింద కొంత వరి. బాయిలన్నీ పటేండ్లవే. బాయి మీద మోట మాత్రం మాది.

మోట అంటే నా బడి పిల్లలకు బొమ్మ గీసి చూపాల్సొచ్చింది. పెద్ద తోలు బొక్కెన. దాని అడుగున ఏనుగు తొండం లాంటి తోలు గొట్టం. బొక్కెనకు లావు మోకు, తొండానికి సన్న తాడు. రెండూ గిరకల మీదుగా వచ్చి ఎడ్ల కాడికి ముడిపడుతయి. ఎడ్లు ఏటవాలు బాట మీద కిందికి దిగుతుంటే బొక్కెన పైకొస్తది. దరి మీదికి రాంగనే తొండం దానంతటదే సాగి నీళ్లు కాలువలోకి దుంకుతయి. ఇంత లెక్క ఉన్న పనిముట్టును చేసింది మా తాత. సచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంల నానేసి, బొచ్చు గీకి, లందలో తంగేడు చెక్క పోసి ఊనించి, ఆముదం పట్టించి, ఆరెతో పొడిచి తోలు దారంతోనే కుట్టేటోడు. ఒక్క కుట్టు వదులైతే సగం నీళ్లు బాయిలకే పోతయి. ఏడాది పొడుగునా కుట్టి, అతికి, మార్చినందుకు కళ్లం కాడ మేర గింజలు. అవి కూడా అడుక్కున్నట్టు, చేతులు కట్టుకొని, "బాంచెను" అంటే కొలిచేటోళ్లు.

మా తాత తోలు బొక్కెనతో తోడిన నీళ్లను పటేలు ఇంటోళ్లు తాగిన్రు, కాళ్లు కడుక్కున్నరు, పొలం పారించుకున్నరు. తోలుకు మైల లేదు, నీళ్లకు మైల లేదు. దాన్ని కుట్టిన చేయి ఆ దరి ఎక్కి దోసెడు నీళ్లు ముంచుకుంటే మాత్రం బాయి మైల పడ్డది! ఈ తర్కం ఏ శాస్త్రంల ఉందో నాకు బి.ఎడ్.లో కూడా ఎవరూ చెప్పలేదు.

1960ల చివర్లో మా ఊరికి ఆయిలింజను వచ్చింది. ఎడ్లబండి మీద, వరిగడ్డి పరుపు మీద పండబెట్టి తెచ్చిన్రట. చూడనీకి ఊరు ఊరంతా ఉరికిందని నాయిన చెప్తడు. అప్పటికి పుణె దగ్గర కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ పుట్టి ఇరవై ఏండ్లు దాటింది. అది పెట్టింది 1946లో. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో లిస్టర్ రకం ఇంజన్లు చేసేటోళ్లు. ఇంగ్లండు కంపెనీ నమూనా అది. బరువైన రెండు చక్రాలు, నిమిషానికి ఆరేడు వందల చుట్లు మాత్రమే తిరిగే మొండి ఇంజను. పచ్చ విప్లవం రోజులు. ఇంజనుకు బ్యాంకు అప్పు కావాలంటే భూమి తాకట్టు పెట్టాలె. భూమి ఉన్నోనికే అప్పు, అప్పు దొరికినోనికే ఇంజను, ఇంజను ఉన్నోనికే రెండో పంట. మాకు రెండో పంటల కూలి పెరిగింది నిజమే, కాదనను. కానీ నాలుగైదేండ్లలో మోటలన్నీ పడిపోయినయి. మా తాతకు మేర బందయింది. ఎవరూ పిలిచి చెప్పలేదు. ఒక ఏడు కళ్లం కాడికి పోతే, "మోటెక్కడిదిరా ఇంక, గింజలెందుకు?" అన్నరట. అంతే. తరతరాల వృత్తి ఒక్క మాటతో పోయింది. లంద ఎండిపోయింది. ఆ పని నీచమని మా మీద వేసిన ముద్ర మాత్రం ఎండలేదు.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమితే వేడెక్కుతది, ఆ వేడికి నూనె అంటుకుంటది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు ఈ పద్ధతితో 1897లో ఇంజను నడిపి చూపిండు. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న డీజిల్ ఇంజనును పల్లి నూనెతో నడిపిన్రు. పల్లి చేన్ల మధ్య పుట్టినదాన్ని కాబట్టి ఈ సంగతి చదివిన రోజు నాయినకు ఫోన్ చేసి చెప్పిన. "మనకు కూరలకే నూనె లేకపాయె బిడ్డా, ఇంజనుకు ఏడికెల్లి పోస్తం" అన్నడు.

ఇంజను బాయి గడ్డ మీద పెడితే సరిపోదు. పంపు నీళ్లను గుంజేది గాలి ఒత్తిడి ఆసరాతో. ఇరవై, ఇరవై అయిదు అడుగుల కంటె లోతు నుంచి గుంజలేదు. అందుకని బాయిలో సగం దిగినంక రాయి చెక్కి మెట్టు చేసి ఇంజనును అక్కడికి దించేటోళ్లు. 1972 కరువులో నీళ్లు ఇంకా కిందికి పోయినయి. ఇంజను కూడా ఇంకో మెట్టు దిగింది. నాయిన కంటె పెద్దోడు, మా పెదనాయిన, పటేలు కాడ జీతం ఉండేటోడు. ఇంజను చాలు చేసుడు, బందు చేసుడు ఆయన పని. 1973 ఎండాకాలంల ఒక రాత్రి నడుస్తున్న ఇంజను దగ్గరికి డీజిలు పోయనీకి దిగిండు. మళ్ల ఎక్కలేదు. బాయిల ఇంజను పొగ పైకి పోదు, అక్కడనే నిలుస్తది. అందుల వాసన లేని విషం కూడా ఉంటది. మనిషికి నిద్రొచ్చినట్టయి కూలబడతడు. ఇప్పుడు ఇది నేను సైన్సు టీచర్‌ను అడిగి తెలుసుకున్న. ఆ రోజు ఊరు తేల్చింది వేరే: "తాగి పడ్డడు." పెదనాయిన తాగడు. ఇంజనును రెండు రోజుల్లో కడిగి మళ్ల నడిపిన్రు. మా ముసలవ్వకు పది సేర్ల జొన్నలు పంపిన్రు. ఆమె వాపసు పంపలేదు. ఇంట్లో ఇంకా నలుగురున్నరు మరి.

నాయిన అప్పటికే ఏడాది నుంచి అచ్చంపేటలో ఒక ఉస్తాద్ షెడ్డులో ఉన్నడు. పద్నాలుగేండ్ల పోరడు. మా జిల్లాల ఇంజను పని తెలిసినోళ్లు ఎక్కువ మంది ముస్లింలే. ఉస్తాద్ మొదటి రోజే "ఎవరి పోరనివి?" అని అడిగిండట. నాయిన చెప్పిండు. "అచ్ఛా, తోలు పని తెలుసా?" అని రెండో ప్రశ్న. పంపుకు నీళ్లల్ల ఉండే ఫుట్ వాల్వుకు తోలు బిళ్ల ఉంటది. అది సరిగ కూర్చోకపోతే పైపుల నీళ్లు నిలవవు, పేడనీళ్లు పోసి పోసి రైతు చేతులు పడిపోతయి. బజార్ల దొరికే బిళ్లలు నెలకే ఉబ్బేటియి. నాయిన ఇంటికొచ్చి, చూరుకు వేలాడుతున్న తాత పాత మోట తొండం కోసి, రంపెతో సమంగ చెక్కి బిళ్లలు చేసి పట్టుకపోయిండు. అవి మూడేండ్లు నడిచినయి. మోటను చంపిన ఇంజనుకు మోట తోలే ఊపిరి పోసింది! ఉస్తాద్ ఆయనకు తన గిలాసలోనే చాయ్ పోసిండు. ఊర్ల పటేలు బాయిలకు ఇంజను బాగుచేయనీకి పానాలతో దిగినప్పుడు మాత్రం పని అయినంక దూరం నిలబడి దోసిలి పట్టాల్సిందే. ఏ బాయి మెట్ల మీద తాతలు కాలు పెడితే మైలో, ఆ మెట్ల మీద నాయిన ఒంటికి ఆయిలు పూసుకొని పూటంతా కూర్చునేటోడు. ఇంజను చెడిపోయినంత సేపే ఆ సడలింపు.

ఆ షెడ్డుకే జీపులు వచ్చేటియి.

జీపు యుద్ధంల పుట్టిన బండి. 1941 నుంచి విల్లీస్ కంపెనీ అమెరికా సైన్యానికి వేలకు వేలు చేసింది. మన దేశంల 1945లో పెట్టిన మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీ 1947 నుంచి విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి కూర్చుడు మొదలుపెట్టింది. భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు పోయి అక్కడి మొదటి ఆర్థిక మంత్రి అయిండు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1952 అక్టోబర్ 2న సమాజాభివృద్ధి పథకం మొదలైనంక జీపు సర్కారుకు వాహనం అయింది. బ్లాకు అభివృద్ధి అధికారి జీపు, డాక్టరు జీపు, ఫారెస్టు జీపు, పోలీసు జీపు. మన రాష్ట్రంల 1959లో షాద్‌నగర్‌లో సమితులు మొదలైనయి. నాలుగు చక్రాలకూ బలమిచ్చి గుట్టలెక్కే బండి, వాగులు దాటే బండి, చావిడి కాడ ఆగేది. పటేలు ఇంట్లో భోజనం చేసి తిరిగిపోయేది. ఊరి చివర మా వాడకు రానీకి మాత్రం దానికి తొవ్వ దొరకలేదు. వచ్చిందంటే అది ఖాకీ జీపే. పిల్లలు శబ్దం వినే చెప్పేటోళ్లు ఏ జీపో. మగోళ్లు చేన్లల్లకు ఉరికేటోళ్లు.

మొదటి జీపులు పెట్రోలువి. 1973లో చమురు ధరలు మండినంక పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించుడు పెద్ద పని అయింది. తర్వాత 1980లల్ల కంపెనీయే ఫ్రాన్సు వాళ్ల పెజో డీజిలు ఇంజనుతో జీపులు తెచ్చింది. ఇక్కడొక తమాషా ఉంది. జీపు ఒళ్లు అమెరికాది, నట్లు అంగుళాల లెక్క. ఇంజను ఫ్రాన్సుది, నట్లు మిల్లీమీటర్ల లెక్క. ఒక్క బండికి రెండు జతల పానాలు కావాలె. బడి గడప తొక్కని నాయిన 7/16, 1/2, 9/16 పానాలను కళ్లు మూసుకొని చేతితో తడిమి చెప్తడు. నేను భిన్నాలు బడిలో నేర్చుకోలేదు. 7/16 పెద్దదా 1/2 పెద్దదా అని లెక్కల సారు అడిగితే క్లాసంతా ఏడు పెద్దదన్నది. నేను పానాలు తలుచుకొని సగం పెద్దదన్న. "ఎట్ల చెప్పినవ్?" అన్నడు సారు. చెప్పనీకి సిగ్గయింది. ఆ సిగ్గు నాకు ఎవరు నేర్పిన్రో ఇప్పుడు తెలుసు. ఇప్పుడు మా లెక్కల టీచరమ్మ భిన్నాల పాఠానికి నా దగ్గరి పానాల సంచి అడిగి తీసుకపోతది.

నాయిన విద్య గురించి కొంచెం ఎక్కువే రాస్త, ఎవరూ రాయరు కాబట్టి. పొగ చూసి రోగం చెప్తడు. నల్ల పొగ అయితే డీజిలు ఎక్కువ, గాలి తక్కువ, లేదంటే నాజిల్ కారుతున్నది. నీలం పొగ అయితే రింగులు అరిగి ఆయిలు కాలుతున్నది, ఇంజను బోరుకొచ్చింది. వేడెక్కినంక కూడా తెల్లగనే వస్తే డీజిలు కాలకుండ పోతున్నది, లేదంటే హెడ్డు గ్యాస్కెట్ పోయి నీళ్లు దిగుతున్నయి. ఇంజను నడుస్తుండగ ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తడు. ఏ నట్టు వదులు చేసినా చప్పుడు మారకపోతే ఆ సిలిండర్ అప్పటికే సచ్చినట్టు. పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి చెవికి పెట్టుకొని బేరింగు మాట వింటడు. డాక్టరు మెడల గొట్టం వేసుకుంటే విద్య, మా నాయిన చెవికి స్క్రూడ్రైవరు పెట్టుకుంటే కూలి.

పాత బండి విలువ కట్టమని చుట్టుపక్కల మండలాల నుంచి ఆయనను తీసుకపోయేటోళ్లు. రంగు చూడడు. ముందు కిందికి దూరి ఛాసిస్ మీద పగుళ్లు, వెల్డింగు మచ్చలు వెతుకుతడు. నంబరు ఆర్.సి.తో పోలుస్తడు. ఆయిలు పోసే మూత తీసి ఇంజను నడిపిస్తడు, అక్కడినుంచి పొగ దమ్ము కొడితే బేరం సగానికి దించుమంటడు. కమాను కట్టలు, స్టీరింగు ఆట, చిన్న గేరు. చివరికి బురదల దింపి ముందు చక్రాలు పట్టుతున్నయా లేదా చూస్తడు. బేరం కుదిరితే ఆయనకు యాభయ్యో వందో ఇచ్చేటోళ్లు. వేల రూపాయల మాట ఆయన నోట్ల నుంచే వచ్చేది. ఆ వేలు మాత్రం ఆయన ముందట చేతులు మారి పోయేటియి.

1996లో ఒక ఆఫీసులో జీపు వేలానికి పెట్టిన్రు. 1986 మోడలు, పెజో ఇంజను. ఇంజను పట్టేసిందని, చక్రం కూడా కదలదని కాయితం మీద రాసిన్రు. తుక్కు కొనేటోళ్లు, ఇద్దరు పటేండ్లు వచ్చిన్రు. నాయిన ఆ జీపును అంతకుముందు ఎన్నోసార్లు బాగుచేసినోడు. దాని సెల్ఫు పినియను పండ్లు అరిగినయి, ఎప్పుడో ఒకప్పుడు ఫ్లైవీలులో ఇరుక్కుంటదని ఆయన ఆఫీసోళ్లకు చెప్పిండు కూడా. అప్పుడు ఎవరూ వినలేదు. వేలం రోజు ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇది మోసం అన్నడు నా మిత్రుడొకడు ఈ వ్యాసం ముసాయిదా చదివి. కావొచ్చు. ఇన్నేండ్లు ఆయనకు తెలిసిందంతా ఊరికే చెప్పించుకున్నదాన్ని ఏమనాలో కూడా ఆ మిత్రుడు చెప్తే బాగుండు.

అవ్వ కాళ్ల కడియాలు కుదువపెట్టి పద్దెనిమిది వేలు కట్టిండు. "నీకెందుకురా జీపు? కోళ్లను మూస్తవా దాని కింద?" అన్నడు ఒక పటేలు. అందరూ నవ్విన్రు. నాయిన తల వంచుకొనే రసీదు తీసుకున్నడు. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు, ఆ వాకిట్లనే ఉన్న. ఆయన జీపును పెద్ద గేరుల వేసి, వాడ నుంచి వచ్చిన మా మేనమామలను ముందు వైపు నుంచి వెనక్కి ఊపమన్నడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి ఠక్కుమని లోపల ఏదో వదిలింది. బ్యాటరీ లేదు. వాలుకు నూకితే నల్లటి పొగ, తర్వాత తెల్లటి పొగ, తర్వాత ఇంజను. వాకిట్ల ఉన్న నవ్వు ఎటుపోయిందో! మా అవ్వ మాత్రం జీపు ఎక్కలేదు. కడియాలు లేని కాళ్లతో వెనక నడిచి వచ్చింది.

పన్నెండేండ్లు ఆ జీపు అచ్చంపేట రోడ్డు మీద నడిచింది. (పర్మిటు సంగతి అడగొద్దు. ఎవరికెంత ముట్టిందో అవ్వకు తెలుసు.) పల్లి బస్తాలు, బాలింతలు, సంతకు పోయే లంబాడీలు, పెంటల నుంచి తేనె తెచ్చే చెంచులు. ఒక్క జీపుల పదిహేను మంది. మోకాలికి మోకాలు తగిలి కూర్చోవాలె. చాయ్ హోటల్ల రెండు గిలాసలు నడిచిన ఊరికి అది కొత్త పాఠం. దానికి ఊరు ఒక ఉపాయం కనిపెట్టింది. ముందు సీటు పటేండ్లకు. ఒకనాడు ముందు సీట్ల మా వాడ గర్భిణి కూర్చున్నది. ఒక పెద్ద పటేలు వచ్చి నిలబడ్డడు, దిగుతదేమోనని. నాయిన స్టీరింగు మీద చేతులు పెట్టుకొని, "పటేలా, వెనక జాగ ఉన్నది" అన్నడు. ఆయన ఎక్కలేదు. నెల రోజులు ఊరోళ్లు ఎవరూ ఎక్కలేదు. అప్పు కిస్తీ ఆగింది, ఇంట్ల గట్క ఆగింది. వానలు పడినంక బస్సు బందయింది, వాగు కాడి బురదల ఆటోలు కూరుకపోయినయి. అప్పుడు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడకుండ వెనక ఎక్కిన్రు. మనసు మారి రాలేదు, బురద తెచ్చింది వాళ్లను.

అంబేద్కర్ 1901లో చిన్న పిల్లగా గోరేగావ్ పోతుంటే వాళ్ల కులం తెలిసిన బండివాడు బండి తోలనన్నడు. రెట్టింపు కిరాయి ఇచ్చి పిల్లలే తోలుకోవాల్సొచ్చింది. 1929లో, అప్పటికి ఆయన బారిస్టరు, చాలీస్‌గావ్‌లో టాంగావాలా తోలనంటే తోలుడు రాని మనోళ్లే తోలి, టాంగా బోల్తాపడి ఆయన కాలు విరిగింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నడు. ఇది చదివినప్పుడు నాకు నాయిన స్టీరింగు మీద పెట్టుకున్న చేతులు యాదికొచ్చినయి.

ఒక మాట నాయిన మీద కూడా రాయాలె. నాకు జీపు తోలుడు నేర్పిండు. పానా మాత్రం పట్టనియ్యలేదు. "చేతులు నల్లబడితే బడిల నవ్వుతరు, ఆడపిల్లవు, చదువుకో" అన్నడు. టార్చిలైటు పట్టుకొని నిలబడుడే నా పని. తాత నుంచి తన చేతికి వచ్చినదాన్ని ఆయన నాకు ఇయ్యలేదు. తమ్మునికీ ఇయ్యలేదు. వాడు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు.

కరెంటు మోటర్లు వచ్చి ఆయిలింజన్లు పోయినయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చినంక మిగిలినవి కూడా పాత ఇనుము దుకాణం చేరినయి. ఇప్పుడు కేంద్రం నిబంధన ప్రకారం 15 ఏండ్లు దాటిన సర్కారు బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేదు. కొన్ని సైన్యం, పోలీసు బండ్లు తప్ప అన్నీ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికే పోవాలె. పొగ తగ్గాలె, నిజమే, మా ఇంట్ల ఆ పొగకు మనిషి పోయిండు. కానీ నాయిన లాంటోడు ఇంకొకడు సర్కారు వేలంల పాడి జీపు లేపే దారి కూడా దాంతోనే మూసుకపోయింది.

నిరుడు హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చిన్రు, మంచి చదువుకున్న పిల్లలు. పాత జీపులు కొని సైన్యం రంగు వేసి గుట్టలల్ల తిప్పుతరట. చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, మూడు లక్షలు ఇస్తమన్నరు. "అంకుల్, ఇందులో ఒరిజినల్ ఎంత?" అని అడిగిన్రు. నాయిన ఒక్కొక్కటే చెప్పిండు. స్లీవులు మార్చిన, క్రౌను పినియను వేరే జీపుది, రేడియేటరు నేనే అతికిన, ఈ పట్టీ నాగలి కర్రు ఇనుముతోటి చేసిన. ఆయన లెక్కపెడుతుంటే వాళ్ల ముఖంల ధర తగ్గుతున్నది. చివరికి రెండున్నర అన్నరు. నాయిన బానెట్టు మెల్లగ మూసి, "నేను చేసినదానికి మీరు తగ్గించిన్రు. చేయకపోతే ఇది ఉండేదే కాదు" అని లోపలికి పోయిండు. అవ్వ వాళ్లకు మజ్జిగ ఇచ్చింది. తాగిన్రు.

జీపు ఇంకా వాకిట్లనే ఉన్నది. పోయిన ఆదివారం ఫిల్టరు మార్చినంక పైపుల గాలి పట్టింది. నాయినకు ఇప్పుడు వేళ్లు వణుకుతున్నయి. నన్ను పిలిచి ఫీడు పంపు మీటను కొట్టమన్నడు, తను స్క్రూ వదులు చేసి పట్టుకున్నడు. ముందు నురగ వచ్చింది. తర్వాత బుడగలు. "ఆపకు, కొట్టు" అన్నడు. బుడగలు సన్నబడి, తెగి, డీజిలు తీగ లెక్క కారింది. పానా నా చేతికిచ్చిండు, స్క్రూ బిగించమని.